తూర్పు గ్యాలరీ

“ఎట్లన్న ఖాళీగనే ఉంటవు కద మేబెల్, జెర వీటిని నీళ్ళల్ల వెయ్యి” అని మా ఆయన జకర్యా మొదటిసారి ఫుట్‌బాల్ టీమ్ జెర్సీలన్నీ దుప్పట్లో మూటగట్టి తెచ్చి బాత్రూమ్ గుమ్మం ముందు పడేసిన నాటికి మాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. నేను ఖాళీగా లేను. తెల్లారకముందే వంట చేసి, మా అత్తగారు సువార్తమ్మకు మాత్రలిచ్చి, మిషన్ స్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించేదాన్ని. కానీ ఆ మాట అనడానికి నోరు రాలేదు. నరసాపురం వైపు నుంచి సికింద్రాబాద్‌కు కోడలిగా వచ్చినదాన్ని. మూట విప్పితే చెమట, బురద, గడ్డి మరకలు. నానబెట్టాను, రుద్దాను, చిలకలగూడలో మా మేడ మీద ఆరేశాను. కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసి, లష్కర్ టీమ్ మొత్తం జకర్యా ఇంటి మీద వేలాడుతోందని నవ్వుకునేవారు. మా అమ్మాయి డోరా పుట్టి, బడికెళ్ళి, నా భుజం దాకా ఎదిగినా ఆ ఉతుకుడు ఆగలేదు.

ఆయన ఒకప్పుడు మంచి గోల్‌కీపరు. మోకాలు దెబ్బతిన్నాక, సికింద్రాబాద్ పాతపేరుతో నడిచే లష్కర్ ఫుట్‌బాల్ క్లబ్‌కు కోచ్ అయ్యాడు. క్లబ్ అంటే ఒక ఇనప బీరువా, నాలుగు బంతులు, ఆడాలని తపించే కుర్రాళ్ళు. ఆదివారం చర్చి అయ్యాక ఆ కుర్రాళ్ళంతా మా ఇంట్లోనే తినేవాళ్ళు. శనివారం మోండా మార్కెట్‌కు పోయి రెండు సంచుల కూరగాయలు మోసుకొచ్చేదాన్ని నేను. “మా జకర్యా చెయ్యి పట్టుకొని పెరిగిన పిల్లలు” అని సువార్తమ్మ గర్వంగా చెప్పుకునేది. తర్వాత ఉత్తరాల పని వచ్చిపడింది. అసోసియేషన్‌కు రాయాలి, రైల్వే కన్సెషన్‌కు రాయాలి, గ్రౌండ్ అడగాలి. “నీకు ఇంగ్లీషొస్తది కద” అన్నాడు. అవీ రాశాను. కింద సంతకం ఆయనది.

ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. గట్టిగా అరిచింది కూడా తక్కువే. నేను దేనికైనా కాదంటే మాట్లాడటం మానేసేవాడు. నేను వండింది ముట్టకుండా బయట తినొచ్చి, కంచం ముందు కూర్చొని లేచిపోయేవాడు. ఇల్లంతా బిగుసుకుపోయేది. అత్తగారు పొద్దుటి కుటుంబ ప్రార్థనలో కళ్ళు మూసుకొని, “ఈ ఇంటి ఆడమనిషికి లోబడే మనసు దయచేయుము తండ్రీ” అని నాకు వినిపించేలా వేడుకునేది. నేనూ ఆమెన్ అనాలి. వారమో పది రోజులో గడిచాక నేనే వెళ్ళి, సరే మీరన్నట్టే కానివ్వండి అనేదాన్ని. గేటు ముందు ఆయన స్కూటర్ ఆగిన చప్పుడు వినగానే చేస్తున్న పని ఆపి, ఏదైనా తప్పు జరిగిందా అని చూసుకునేదాన్ని. ఎవరికైనా చెప్పుకుందామంటే చూపించడానికి ఒక్క గాయం లేదు. మా అమ్మతో ఒకసారి అంటే, తాగడు, తిట్టడు, ఇంకేం కావాలే నీకు అంది.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న చివరి రోజుల్లో, బందులూ ర్యాలీలూ రోజూ జరుగుతున్నప్పుడు, నరసరాజు గారు మా క్లబ్‌ను కొన్నారు. భీమవరం నుంచి వచ్చి నగరం చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టిన మనిషి. ఆటగాళ్ళకు జీతాలు, కేరళ నుంచి ఒక హెడ్ కోచ్, కొత్త బూట్లు, జెర్సీలు ఉతకడానికి లాండ్రీ. జకర్యా గోల్‌కీపింగ్ కోచ్ అయ్యాడు. ఉత్తరాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. “మేడమ్ లేకపోతే ఈ క్లబ్బే లేదండి” అని నరసరాజు గారు నాకొక బల్ల, కంప్యూటరు ఇచ్చి ఆఫీస్ మేనేజర్ని చేశారు. స్కూలు మానేశాను. ఇంట్లో కూడా, మా ఇద్దరిదీ ఒకటే డ్యూటీ అని జకర్యా చెప్పుకుంటుంటే సంతోషంగానే ఉండేది. అయితే డ్యూటీ అయ్యాక ఆయన సోఫాలో కూర్చునేవాడు, నేను వంటింట్లోకి పోయేదాన్ని.

జాతీయ లీగ్‌లో ఆడే లైసెన్స్ రావాలంటే క్లబ్‌కు సొంతంగానో లీజుకో ఒక స్టేడియం ఉండాలన్నారు. ఊళ్ళో పాత మున్సిపల్ స్టేడియం ఉంది, మావాళ్ళు ప్రాక్టీస్ చేసేదీ అక్కడే. దాన్ని దీర్ఘకాలం లీజుకు తీసుకోవడానికి కార్పొరేషన్ వాళ్ళతో మాటలు మొదలయ్యాయి. వాళ్ళ ఉపసంఘానికి వీరయ్య అనే కార్పొరేటర్ అధ్యక్షుడు. ఆస్తుల విభాగం నుంచి అనసూయమ్మ అనే ఆఫీసరు వచ్చేది, నెరిసిన జుట్టు, ముడతపడని నేత చీర, అడిగితే తప్ప మాట్లాడదు. మా వైపు నుంచి నరసరాజు గారు, జకర్యా, నేను. పేరుకు మాటలన్నీ మగవాళ్ళవి. ఏడాదిలో ఏయే రోజులు మావి, జెండా పండగకు ఎవరికివ్వాలి, స్కూళ్ళ ఆటల పోటీలు ఎప్పుడు, గడ్డికి నీళ్ళెవరు పెట్టాలి, పొద్దున్నే నడవడానికి వచ్చే ఆడవాళ్ళకు గేటు తీస్తామా లేదా, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ఎవరు కట్టాలి, ఇవన్నీ రాసింది నేను. వీరయ్య నన్ను టీచరమ్మా అని పిలిచి, చాయ్ చెప్పమనేవాడు. ప్రశ్న మాత్రం జకర్యాను అడిగేవాడు. జకర్యా నా వైపు వంగేవాడు. నేను గొణిగింది ఆయన గట్టిగా చెప్పేవాడు. అప్పుడు వీరయ్య తల ఊపి, కోచ్ సాబ్ పక్కా తయారై వచ్చిండు అనేవాడు. నేను చాయ్ కప్పులు సర్దుతూ నవ్వేదాన్ని. ఆ నవ్వు నా ముఖం మీదకు ఎలా వచ్చేదో నాకే తెలీదు.

ఆ రోజుల్లోనే ఆ స్టేడియంలో ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టారు. ఆడవాళ్ళకు తూర్పు గ్యాలరీలో ఒక చివర చోటిచ్చారు. చర్చివాళ్ళూ, ఆటగాళ్ళ కుటుంబాలూ, కాలేజీ పిల్లలూ నిండిపోయారు. మావాళ్ళు గోల్ కొట్టగానే గ్యాలరీ అంతా లేచి ఎగిరింది. అప్పుడు నా పాదాల కింద మెట్టు కదిలింది. స్టేషన్ దగ్గర ఇల్లు కాబట్టి రైలొచ్చినప్పుడు గోడలు అదరడం నాకు అలవాటే. ఇది ఆ అదురు కాదు. మెట్టు కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చింది. పక్కనున్న పిల్లలు అరుస్తూనే ఉన్నారు. ఎవరికీ తెలిసినట్టు లేదు. మ్యాచ్ అయ్యేదాకా కూర్చున్న చోట నుంచి లేవలేకపోయాను. ఎవరైనా గెంతితే చాలు, చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో బిగించి పట్టుకునేదాన్ని.

మర్నాడు ఒక్కదాన్నే గ్యాలరీ కిందికి వెళ్ళి చూశాను. పాత నెట్లు, విరిగిన కుర్చీలు పడేసిన చీకటి చోటు అది. పైన దూలాలకు సిమెంటు పెచ్చులు ఊడిపోయి చువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుంటే ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా చేతిలోకి రాలింది. జకర్యాకు చెప్పాను. “గోల్ పడితే గ్యాలరీ ఊగకుంటే ఇంకేం ఊగాలె” అని నవ్వాడు. నేను ఊరుకోలేక అనసూయమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఒక ఇంజనీరును పంపింది. ఆయన దూలాల మీద సుత్తితో కొట్టి చూసి, జనం ఎక్కకూడదమ్మా దీని మీద, మరమ్మతు అయ్యేదాకా మూసెయ్యాలి అని నాతో నోటిమాటగా చెప్పి వెళ్ళాడు. కాగితం మీద ఎప్పటికీ రాసివ్వలేదు. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

మరమ్మతు కార్పొరేషన్ చేయించాలని నేను డ్రాఫ్టులో రాశాను. అది కార్పొరేషన్‌కు పోయి, తిరిగి వచ్చేటప్పటికి ఆ క్లాజు మారిపోయింది. గ్యాలరీలు ఉన్నవి ఉన్నట్టుగా క్లబ్ తీసుకోవాలి, లోపల ఏ ప్రమాదం జరిగినా లీజు మీద సంతకం చేసిన డైరెక్టరుదే బాధ్యత, కేసులైనా శిక్షలైనా ఆ మనిషి మీదే. నేను ఆ పేజీ పట్టుకొని నరసరాజు గారి గదిలోకి వెళ్తే ఆయన లేచి నిలబడి నా చేతిలో స్వీట్ బాక్స్ పెట్టారు. “కంగ్రాచ్యులేషన్స్ మేడమ్. బోర్డులో మిమ్మల్ని డైరెక్టరుగా తీసుకున్నామండి. ఇన్నాళ్ళూ లీజు పనంతా మీదే కదా, సంతకం కూడా మీదే ఉండాలి.” నాకు మొదట సిగ్గుగా, సంతోషంగా అనిపించింది. ఇన్నేళ్ళు రాసిన ఉత్తరాల్లో ఒక్కదాని కిందైనా నా పేరు లేదు. ఆ సంతోషం గుమ్మం దాటేదాకానే ఉంది. వరండాలోకి వచ్చి మళ్ళీ చదివితే, ఆ క్లాజులో ఉన్న డైరెక్టరు నేనే. వెనక్కి వెళ్ళి, మీరే సంతకం పెట్టొచ్చు కదండీ అన్నాను. ఆయన నవ్వి, నా పేరు ఇప్పటికే చాలా కంపెనీల్లో ఉందండీ, లాయర్ వద్దన్నాడు, ఇదంతా ఫార్మాలిటీ అన్నారు. గ్యాలరీ సంగతి చెప్పాను. సీజన్ అయ్యాక చూద్దాం మేడమ్, ముందు లైసెన్స్ రానివ్వండి అన్నారు.

నేను ఇంటికి చేరేటప్పటికే కబురు చేరిపోయింది. డోరా నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా పేరు చదివి అందరిచేత చప్పట్లు కొట్టించారు. “నా కోడలు డైరెక్టరమ్మ అయ్యింది” అని సువార్తమ్మ ఎదురైనవాళ్ళందరికీ చెప్పింది, ఆ వెంటనే, “అంతా మా జకర్యా వల్లనే” అని కలిపింది. ఆయన నాకొక పట్టుచీర కొనుక్కొచ్చాడు. పెళ్ళయ్యాక అడగకుండా చీర కొనడం అదే మొదటిసారి. దాన్ని మడత విప్పకుండా బీరువాలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయనతో మెల్లగా చెప్పాను. ఇంజనీరు అన్నది చెప్పాను, క్లాజు చదివి వినిపించాను. ఆయన తలెత్తకుండా తింటూ, “గా గ్యాలరీ మనం పుట్టకముందు నుంచి ఉంది. ఇగ ఇప్పుడే పడుతదా?” అన్నాడు. పడితేనో అన్నాను. “పడది. సంతకం పెట్టు. దీంట్ల సోచాయించేదేముంది? కాగితం లేకుంటే లైసెన్స్ రాదు. లైసెన్స్ లేకుంటే పిల్లల నౌకరీలు పోతయ్, నాది సుత పోతది.” నేను ఇంకా ఏదో అనబోయాను. ఆయన అన్నంలోనే చెయ్యి కడుక్కొని లేచాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు కాబట్టి రాయగలను కానీ, ఆ భయాన్ని రాయలేను. ఆయన మాట్లాడలేదు. నేను చేసిన చేపల పులుసు మూత తియ్యలేదు. అత్తగారు ప్రార్థనలో నన్ను గర్వపు ఆత్మ నుంచి విడిపించమని దేవుణ్ణి అడిగింది. సంతకాల సమావేశం బంద్ వల్ల ఒకసారి, వీరయ్య ఊళ్ళో లేక ఒకసారి వాయిదా పడింది. వాయిదా పడినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది, మర్నాటికి మళ్ళీ బిగుసుకునేది. కూరలు తరుగుతుంటే కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయేది. గ్యాలరీ నిండా జనం కనిపించేవారు. చర్చి యువజనులు, ఆటగాళ్ళ భార్యలు, చంకలో పిల్లలున్నవాళ్ళు. ఒకరోజు డోరా తల దువ్వించుకుంటూ, “మొదటి మ్యాచ్‌కి మా కాలేజీ వాళ్ళందరం ఈస్ట్ గ్యాలరీలోనే మమ్మీ, అక్కడే మస్తు మజా” అంది. అక్కడ వద్దమ్మా అన్నాను. ఎందుకని అడిగితే జడ అల్లడం మొదలుపెట్టాను. అక్కడే కూర్చొని మా మాటలు వింటూ పేపరు చదువుతున్న జకర్యా పేజీ తిప్పాడు.

కాదంటే ఏమవుతుంది అని లెక్కలేసుకునేదాన్ని. కుర్రాళ్ళు రోడ్డున పడతారు. వాళ్ళలో కొందరికి నేనే అన్నం పెట్టి పెంచాను. మా ఆయన ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. ఈ ఇంట్లో నేనింక ఎప్పటికీ మనిషిని కాను. అవునంటే ఏమవుతుంది అనుకుంటే, కళ్ళ ముందు మెట్టు కిందికి దిగి ఇక పైకి రాకుండా ఉండిపోయేది. ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో నాకు తేలేది కాదు. ఇంత చదువుకున్నదాన్ని, జనం ప్రాణాలకూ భర్త అలకకూ మధ్య తూకం వేస్తున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసేది. కానీ అలక అనేది దూరం నుంచి చూసేవాళ్ళకు చిన్న మాట. దాంట్లో కాపురం చేసినవాళ్ళకు కాదు.

సంతకాల రోజు పట్టుచీరే కట్టుకోమన్నాడు. చాలా రోజులకు మాట్లాడిన మొదటి మాట అది. కట్టుకున్నాను. కార్పొరేషన్ ఆఫీసులో సమావేశానికి ముందు మెట్ల పక్కనున్న ఆడవాళ్ళ బాత్రూమ్‌లోకి వెళ్ళాను. ముఖం కడుక్కొని తలెత్తితే పక్కన అనసూయమ్మ నిలబడి ఉంది. తన చేతిరుమాలు ఇచ్చింది. తలుపు వైపు చూసి, చాలా తగ్గు గొంతుతో మాట్లాడింది. “ఇంజనీరు మీతో అన్నదే నాతోనూ అన్నాడు. రాయొద్దని పైనుంచి చెప్పారట. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది, నాకూ భయమే. నా అంతట నేను లేవనెత్తలేను. కానీ మీరు అందరి ముందూ అడిగితే, అడిగారని మినిట్స్‌లో రాయడం నా పని. ఆ పని నేను చేస్తాను.” ఆమె ముందు వెళ్ళింది, కాసేపటికి నేను.

బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. పూలదండలు తెచ్చి పెట్టారు, ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు. వీరయ్య నవ్వుతూ లీజు కాగితాలు నా ముందుకు జరిపాడు. ఆ రోజు చాయ్ చెప్పమనలేదు. నరసరాజు గారు తన కలం మూత తీసి నాకిచ్చారు. కలం కాగితం మీద ఆనించాను. తర్వాత దాన్ని పక్కన పెట్టాను.

“తూర్పు గ్యాలరీ బాగుచేసేదాకా మూసేస్తామని ఇందులో రాయండి. మరమ్మతు కార్పొరేషన్ చేయిస్తుందని రాయండి. అప్పుడు పెడతాను” అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదనిపించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

వీరయ్య ముఖంలో నవ్వు అలాగే ఉంది. “ఏందమ్మా, తాళి కట్టేటప్పుడు పెండ్లొద్దన్నట్టు గిట్ల చేస్తవ్? ఇన్ని దినాలు ఏం జేసినవ్?” అన్నాడు. మొదటి డ్రాఫ్టులో రాశాను, మీరే తీసేశారు అన్నాను. జకర్యా నా మోచెయ్యి పట్టుకున్నాడు. అందరి వైపూ చూసి నవ్వుతూ, “ఆమెకు జెర భయమెక్కువ సార్. నేను ఇంటికి పోయి సమజ్ చేస్త” అన్నాడు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే మర్నాటికి అక్కడ కమిలిపోయింది. చూపించడానికి నాకు మిగిలిన ఒకే ఒక్క గాయం అది.

“భయమే. అందుకే పెట్టను” అన్నాను.

అనసూయమ్మ తలొంచుకొని రాస్తోంది. వీరయ్య ఆమె వైపు చూసి, ఏం రాస్తున్నవమ్మా అని అడిగాడు. ఆమె తలెత్తకుండా, సభలో అన్న మాట రాస్తున్నాను సార్ అంది. ఫోటోగ్రాఫరు మెల్లగా బయటికి జారుకున్నాడు. అప్పుడు నరసరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు, తొందర ఉంది. “మేడమ్‌కు ఇబ్బందైతే వద్దులెండి. బోర్డు తీర్మానంలో పేరు మార్చడం నాకు పది నిమిషాల పని. జకర్యా గారూ, మీరు క్లబ్‌కు పెద్దదిక్కు. మిమ్మల్నే డైరెక్టర్ని చేస్తాను. మీరు పెట్టండి” అని కాగితాలూ కలమూ ఆయన ముందుకు జరిపారు.

నేను ఆయన వైపు చూశాను. నిజం చెప్పాలంటే, పెట్టేస్తాడనే అనుకున్నాను. అది పడదని నమ్మే మనిషి. సోచాయించేదేముంది అన్న మనిషి. పెడితే ఆపాలి అని కూడా అనుకున్నాను, ఎలా ఆపాలో తెలియకుండానే. ఆయన కలం తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. ఒకప్పుడు అంత వేగంతో వచ్చే బంతిని పట్టిన చేతులు అవి. పై పెదవి మీద చెమట పట్టింది. కలాన్ని అటూ ఇటూ తిప్పి, మూత వెతికి, మూత పెట్టి, బల్ల మీద పెట్టాడు.

“నాకు జెర టైం కావాలె సార్” అన్నాడు.

ఆ తర్వాత సభలో జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. క్లబ్ తరఫున ఇద్దరు సంతకానికి నిరాకరించారని, తూర్పు గ్యాలరీ భద్రతపై సందేహం వచ్చిందని అనసూయమ్మ చదివి వినిపించింది. అది రికార్డుకెక్కాక దాన్ని దాటి సంతకం పెట్టే ధైర్యం వీరయ్యకు కూడా లేదు. సమావేశం వాయిదా వేశాడు. లైసెన్స్ కోసం నరసరాజు గారు పరుగులు పెట్టి, చివరికి నేను రాసిన మొదటి క్లాజుకే ఒప్పుకొని, తన చేత్తోనే సంతకం పెట్టారు. తూర్పు వైపు రేకులు అడ్డం కట్టారు. లష్కర్ టీమ్ ఆ సీజనంతా పడమటి గ్యాలరీ జనం ముందే ఆడింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు, నాది తప్ప. అనసూయమ్మను వేరే విభాగానికి మార్చారు. అవన్నీ తర్వాత.

ఆ సాయంత్రం ఇద్దరం ఆటో ఎక్కాం. నేను ఎప్పటి మౌనం కోసం సిద్ధమయ్యాను. కానీ ఆయనే మాట్లాడాడు, అదీ మెత్తగా.

“నువ్వేదో నాకు తెల్వదనుకుంటున్నవ్. నాకెప్పుడో తెలుసు మేబెల్. రెండేండ్ల నుంచి ప్రాక్టీస్‌కొచ్చే పిల్లలను ఆ దిక్కు నీడకు సుత పోనియ్యట్లేను. బ్యాగులన్నీ ఇటే పెట్టిస్త.”

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, “మరి నన్నెందుకు పెట్టమన్నారు?” అని అడిగాను.

“నీ మీదికి ఎవలొస్తరు? ఆడమనిషివి, ఇంట్ల ఉండేదానివి. కోర్టు సుత జాలి పడుతది. నన్నయితే లోపలేస్తరు. నేను పోతే ఇల్లేం గావాలె?” అన్నాడు. చెప్పే తీరులో ఏ దాపరికమూ లేదు. పొద్దున టిఫిన్ ఏం చెయ్యాలో చెప్పినట్టే చెప్పాడు. ఆయనకు నిజంగా అది సబబుగానే తోచింది. బహుశా నాకోసమే ఆలోచించానని కూడా అనుకుని ఉంటాడు.

“అక్కడ డోరా కూర్చుంటానంది. మీరు పేపరు చదువుతూ విన్నారు.”

ఆయన జవాబు చెప్పలేదు. ఈసారి ఆ మౌనం నన్ను శిక్షించడానికి కాదని తెలుస్తూనే ఉంది. చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నాడు. ఆ ముఖం చూస్తుంటే నాకు భయం వేసింది. ఇన్నేళ్ళూ ఆయనకు కోపం వస్తుందని భయపడ్డాను. ఇప్పుడు ఆయనకు కోపం లేదు, నా పక్కన తాపీగా కూర్చొని ఉన్నాడు. ఆ సంతకం నన్ను ఎక్కడ నిలబెడుతుందో తెలిసే, కట్టుకోవడానికి పట్టుచీర తెచ్చిన మనిషి. ఆ మనిషికి వండిపెట్టి, పక్కనే పడుకొని, ఏమీ ఎరగనట్టు లేవాలి.

ఆటో మా వీధి మలుపులో ఆగింది. ఆయన దిగి జేబులో చిల్లర వెతుక్కుంటూ, “దా, అమ్మ ఎదురుచూస్తుంటది, చాయ్ టైమైంది” అన్నాడు. నేను ఫోన్ తీసి డోరాకు చేశాను. కాలేజీ నుంచి నేరుగా ఏ.ఎస్. రావు నగర్‌లో మా అక్క ఎలీసబెతు ఇంటికి వచ్చెయ్యమన్నాను, నేనూ అక్కడికే వస్తున్నాను అన్నాను. ఏమైంది మమ్మీ అని అడిగింది. వచ్చాక చెప్తానన్నాను. ఆయన చిల్లర చేతిలో పట్టుకొని నా వైపు చూస్తున్నాడు. ఆటో అతను కూడా వెనక్కి తిరిగి చూశాడు.

“ఏ.ఎస్. రావు నగర్ పోనివ్వు బాబూ” అన్నాను. నేను దిగలేదు.